రేకుకి గమ్ము పెడితే తప్పేంది?

పోయిన నెల విడవలూరు వైపు నుంచి ఒకాయన పాత వ్యాను తెచ్చాడు. రొయ్యల క్రేట్లు మోసే బండి. పక్క డోరు కింద అంచు మొత్తం తుప్పు తినేసి జల్లెడ అయిపోయింది, వేలితో నొక్కితే వేలు అవతలికి పోతంది. నేను చూసి, కింద ఆరంగుళాలు కోసేసి కొత్త రేకు ప్యాచ్ వేస్తా, కానీ వెల్డింగ్ పెట్టను, బాండింగ్ చేస్తా అన్నా. ఆయన మొహం మాడిపోయింది. "ఏందన్నా, గమ్ము పెట్టి అంటిస్తావా? చెప్పులకి పెట్టినట్టా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే భయపడ్డాడు. ఆ బండి ఒక రోజు ఆగితే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగని మనిషి, ఆయన భయాన్ని నేను తప్పు పట్టను.

మా చిన్నాయన మాత్రం భయపడడు, కోప్పడతాడు. నలభై ఏళ్ళుగా టింకరింగ్ చేస్తన్నాడు, నెల్లూరు ఆటోనగర్ లో ఆయన చేతి కింద పని నేర్చుకున్నోళ్ళు ఇప్పుడు సొంత షెడ్లు పెట్టుకోనుండారు, నాకు సుత్తి పట్టడం నేర్పింది కూడా ఆయనే. "రేకుని రేకుతో కలిపేది నిప్పు రా అబ్బయ్యా. మధ్యలో పాకం పోసి అంటిస్తే అది మేస్త్రి పనా?" అంటాడు. టీ అంగడి దగ్గర ఈ మాట మీద మాకు ఎన్నిసార్లు వాదన అయిందో లెక్కలేదు, ఎప్పుడూ సగంలోనే ఆగిపోద్ది, ఎవరో ఒకరు బండి తెస్తారు, ఇద్దరం లేచిపోతాం. అందుకే మొత్తం ఇక్కడ రాస్తన్నా. నా మాట ఒక్కటే. మన సముద్రపు ఒడ్డు ఊళ్ళలో, పల్చటి పై రేకు పనికి, వెల్డింగ్ కంటే స్ట్రక్చరల్ అడెసివ్, అంటే బరువు మోసే గట్టి గమ్ము, మంచిది. చవకనీ కాదు, తేలికనీ కాదు. ఆ రేకు ఎక్కువ కాలం బతుకుద్ది, అందుకని.

ముందు వేడి సంగతి చూద్దాం. కారు డోరు పై రేకు ఎంత మందం ఉంటదో చాలామందికి తెలీదు. 0.7, 0.8 మిల్లీమీటర్లు, కొన్నిట్లో ఇంకా తక్కువ. మూడు పోస్టుకార్డులు కలిపి పట్టుకుంటే ఎంతుంటదో దాదాపు అంత. దాని మీద గ్యాస్ వెల్డింగ్ మంట పెడతన్నాం, ఆ మంట మూడు వేల డిగ్రీలు దాటుద్ది, ఉక్కు కరిగేది 1500 దగ్గర. మంట తగిలిన చోట రేకు సాగాలని చూస్తది, చుట్టూ ఉన్న చల్లటి రేకు సాగనీదు, అందుకని ఆ కాస్త చోట మెత్తబడి లోపల్లోపలే నలుగుద్ది, చల్లారేటప్పుడు మళ్ళీ ముడుచుకుంటది. నూనెలో వేసిన అప్పడం అంచులు ఎట్ట మెలికలు తిరుగుతాయో అట్ట అన్నమాట. ఆ మెలికని సరిచెయ్యడానికి మేస్త్రి తడిగుడ్డ పెడతాడు, సుత్తి, రేకు వెనక ఆనించే ఇనప దిమ్మ డాలీ పట్టుకోని గంటలు గంటలు కొడతాడు, అయినా పూర్తిగా పోదు, చేత్తో నొక్కితే రేకు లోపలికి పోయి టప్పుమని మళ్ళీ బయటికొస్తది. చివరికి దాని మీద లప్పం. రెండు మిల్లీమీటర్లు, మూడు మిల్లీమీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పెయింట్ పడ్డాక అద్దంలాగే ఉంటది, కస్టమర్ సంతోషంగా పోతాడు. ఏడాది తిరక్కముందే ఆ లప్పం పగులుద్ది.

చిన్నాయన చెయ్యి బాగుంది కాబట్టి ఆయన చేసిన పనిలో లప్పం పల్చగా ఉంటది, అది ఒప్పుకుంటా. మిగ్ వెల్డింగ్ తో, అంటే కరెంటుతో తీగని కరిగించి అతికే పద్ధతిలో, చుక్క చుక్కగా పెట్టుకుంటా, ఒక చుక్క ఇక్కడ, ఇంకోటి దూరంగా అక్కడ, మధ్యలో చల్లారనిచ్చి చేసే ఓపికున్నోళ్ళు కూడా ఉండారు. అట్ట చేస్తే మెలిక తగ్గుద్ది. కానీ నా అసలు గొడవ మెలికతో కాదు, వెనకవైపుతో.

ఇప్పుడొచ్చే బండ్లలో చాలావాటి రేకుకి జింకు పూత ఉంటది. ఆ పూత ఉండబట్టే రేకుకి తొందరగా తుప్పు పట్టదు, చిన్న గీత పడినా జింకు తను ముందు అరిగిపోయి ఇనుముని కాపాడుద్ది. జింకు కరిగేది 420 డిగ్రీల దగ్గర, 907 దగ్గర మరిగి ఆవిరైపోద్ది. ఉక్కు కరిగేదాకా వేడి పెడితే ఆ చుట్టుపక్కల జింకు ఏమైపోద్దో చెప్పక్కర్లేదు. ముందువైపు పోయినా పర్లేదు, గ్రైండ్ చేసి ప్రైమర్ కొట్టుకుంటాం. వెనక? డోరు లోపల, గుమ్మం కింద, మూసుకుపోయిన పెట్టె లాంటి చోట్ల చెయ్యి పోదు, బ్రష్ పోదు. అక్కడ పచ్చి ఇనుము, దాని మీద కాలిన పొక్కు, అట్టాగే మిగిలిపోద్ది. హైదరాబాదులో అయితే అది కొన్నేళ్ళు ఆగుద్దేమో. మైపాడులో, కృష్ణపట్నంలో, రామాయపట్నంలో, కొత్తపట్నంలో ఆగదు. గాల్లో ఉప్పు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కుండపోత, దాని మీద రొయ్యల బండ్లయితే క్రేట్లలోంచి కారే ఐసు నీళ్ళు, ఉప్పు నీళ్ళు రాత్రింబవళ్ళు రేకు మీదే. నేను కోసి తీసిన ప్యాచ్ లలో ఎన్నిటినో చూశా. వెల్డింగ్ గీత చెక్కుచెదరకుండా ఉంటది, దాని పక్కన అర అంగుళం దూరంలో, వేడి తగిలిన పట్టీ పొడుగూతా రేకు పొడైపోయి ఉంటది. వెల్డింగ్ గట్టిదే. పక్కన రేకే లేదు.

ఇక్కడ మా నాయన గురించి ఒక మాట చెప్పాలి. నాయన కూడా టింకరింగే, రొయ్యల గుంటలు జోరుగా పడతన్న కాలంలో మోటారు షెడ్లకి జీఐ, అంటే జింకు పూసిన, రేకులు, పైపులు వెల్డింగ్ చెయ్యడానికి పోయేవాడు. కూలి ఎక్కువొచ్చేది. అట్ట పోయొచ్చిన రాత్రి చలీ జ్వరం, ఒళ్ళు వణికేది, నోట్లో చిల్లర నాణెం పెట్టుకున్నట్టు ఉందనేవాడు. పొద్దునకి తగ్గిపోయేది. మళ్ళీ పోయేవాడు. ఎండ దెబ్బ అనుకున్నాం, దిష్టి అనుకుని అమ్మ మిరపకాయలు తిప్పిపోసేది, వెల్డింగ్ చేసేవాళ్ళు పాలు తాగితే ఏం కాదని ఎవరో చెప్తే రోజూ గ్లాసుడు పాలు ఇచ్చేది. నేను డిప్లొమాకి పోయినాక తెలిసింది దానికి పేరుందని, మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారని, జింకు ఆవిరి గాల్లో తెల్ల పొగలాగా మారి ఊపిరితిత్తుల్లోకి పోతే కొన్ని గంటల తర్వాత సరిగ్గా ఇట్టాగే చలీ జ్వరం వస్తదని, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోద్దని, పాలకీ దానికీ సంబంధం లేదని. పొగ పీల్చకుండా గాలి ఆడేటట్టు చూసుకోవాలి, సరైన మాస్కు పెట్టుకోవాలి, అంతే. అది ఆయనకి ఎవరూ చెప్పలా. ఇప్పటికీ ఎన్ని షెడ్లలో చెప్తన్నారో మీరే పోయి చూడండి.

గమ్ములో విషం లేదని నేను అనడంలా. ఎపాక్సీ అనే గమ్ములో అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్ పదే పదే చేతికి తగిలితే చర్మం దద్దుర్లు లేస్తది, ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఇంక జీవితాంతం పడదు, నైట్రిల్ గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. ఇంకో రకం ఉంది, మిథైల్ మెథాక్రిలేట్, ఘాటైన వాసన, మంట అంటుకునే గుణం, గాలి ఆడే చోటే వాడాలి. రుబ్బే పొడి ఎట్టాగూ ఉంటది. కానీ చేతికి గ్లౌజు తొడగడం మేస్త్రి తన చేతిలో పని. తెల్ల పొగ మధ్యలో తల పెట్టి చేసే పనిలో ఆ అవకాశం చాలా తక్కువ.

సరే, బలం. అందరూ అడిగేది ఇదే, ఆగుద్దా అని. లెక్క చెప్తా. మంచి రెండు పాళ్ళ ఎపాక్సీ, అంటే రెసిన్ వేరే, హార్డెనర్ వేరే ట్యూబుల్లో వచ్చేది, రేకుల్ని పక్కకి లాగినప్పుడు చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్లు ఆపుద్ది, మంచివి ఇంకా ఎక్కువే. పాత రేకు మీద కొత్త రేకు ఒక అంగుళం ఎక్కించి అతికామనుకోండి, అంటే 25 మిల్లీమీటర్లు. పొడుగు 100 మిల్లీమీటర్లే తీసుకుందాం. 2500 చదరపు మిల్లీమీటర్లు, దాన్ని 20 తో గుణిస్తే 50 వేల న్యూటన్లు, దాదాపు ఐదు టన్నులు. ఇప్పుడు రేకు వైపు చూడండి. అదే 100 మిల్లీమీటర్ల వెడల్పు, 0.8 మందం, 80 చదరపు మిల్లీమీటర్లు. మామూలు బాడీ రేకు చదరపు మిల్లీమీటరుకి 200 న్యూటన్ల దగ్గర సాగడం మొదలుపెడితే 16 వేలు, ఒకటిన్నర టన్ను పైచిలుకు. అతుకు ఊడేలోపు రేకే సాగిపోద్ది. నిజం బండిలో బరువు అంతా అతుకు మీద సమానంగా పడదు, అంచుల దగ్గర ఎక్కువ పడుద్ది, కాబట్టి ఐదు టన్నులూ దొరకవు, సగమే దొరుకుద్దనుకోండి, అయినా రేకు కంటే ఎక్కువే.

ఈ లెక్క చిన్నాయనకి చెప్తే ఆయన ఏం చేశాడంటే, నేను అతికిన ముక్క ఒకటి తీసుకోని, అంచులో ఉలి పెట్టి సుత్తితో ఒక్కటిచ్చాడు. చుర్రుమని ఊడొచ్చింది. "ఇదేనా నీ ఐదు టన్నులు?" అన్నాడు.

ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళు న్యాయమైన పరీక్ష, ఈ పని చేసే ప్రతివాడూ దాన్ని చూడాలి. ప్లాస్టర్ ఒంటికి అంటించి, ఒంటికి ఆనించే పక్కకి లాగండి, రాదు. మూల పట్టుకోని పైకి లాగండి, వచ్చేస్తది. గమ్ము బలం అంతా పక్క లాగుడులో ఉంది, అంచు పట్టి పీకితే తన వెడల్పు మొత్తం కాకుండా ఒక సన్నటి గీత మాత్రమే బరువు మోస్తది, ఆ గీత తెగాక పక్క గీత, అట్ట వరసగా. అందుకే గమ్ముతో రేకు అంచుకి అంచు పెట్టి అతకకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. అంచు లేచే చోట రివిట్టు కొట్టాలి, లేదా మడత పెట్టాలి. వెల్డింగ్ కి ఈ బలహీనత లేదు, అది ఏ వైపు లాగినా దాదాపు ఒకటే. చిన్నాయన గెలిచిన పాయింట్ ఇది, నేను కాదనను, కాకపోతే డోరు కింద ప్యాచ్ ని బండి నడిచినన్నాళ్ళూ ఎవరూ ఉలి పెట్టి పీకరు.

మడత అంటే గుర్తొచ్చింది. మీ కారు బోనెట్ ఎత్తి అంచు చుట్టూ చెయ్యి తిప్పి చూడండి. పై రేకు లోపల ఫ్రేము మీదికి మడిచి ఉంటది, ఆ మడతలో కంపెనీవాళ్ళు పెట్టింది గమ్మే. డోర్లకీ అంతే. మధ్యలో రేకు దడదడలాడకుండా ఫ్రేముకీ రేకుకీ మధ్య రబ్బరు లాంటి ముద్దలు కూడా అదే జాతి. అంటే గమ్ము వద్దనే కస్టమర్ గమ్ముతో అతికిన డోరు తీసే బండి దిగాడు. ఇంగ్లండులో లోటస్ కంపెనీ 1996 లో ఎలీస్ అనే కారు తెచ్చింది, దాని అల్యూమినియం చాసీ మొత్తం ఎపాక్సీతో అతికిందే, అంచులు లేవకుండా అక్కడక్కడా స్క్రూలు. 2003 లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌జే అల్యూమినియం బాడీ రివిట్లు, గమ్ము. ఇంకా వెనక్కి పోతే 1940 లలోనే ఇంగ్లండులో డక్స్‌ఫర్డ్ అనే ఊళ్ళో నార్మన్ డి బ్రూయిన్ అనే ఆయన లోహాన్ని లోహానికి అతికే రెడక్స్ అనే అంటుని విమానాల కోసం చేశాడు, ఆ పేరే రీసెర్చ్ లో మొదటి అక్షరాలూ, డక్స్‌ఫర్డ్ లో మొదటి అక్షరాలూ కలిపి పెట్టింది. మన అంగళ్ళలో దొరికే అరాల్డైట్ కూడా ఆ 1940 ల నాటి పేరే. అంత దూరం ఎందుకు, మన పక్కన శ్రీహరికోట నుంచి పైకి పోయే ఉపగ్రహాల ప్యానెళ్ళు ఏంది? పల్చటి అల్యూమినియం రేకులు రెండు, మధ్యలో తేనెపట్టు లాంటి అల్యూమినియం గూళ్ళు, మూడిటినీ కలిపి పట్టుకునేది అంటు. నెల్లూరోళ్ళం మిద్దెక్కి రాకెట్ చూసి చప్పట్లు కొడతాం, మళ్ళీ షెడ్డుకొచ్చి గమ్ము పని పని కాదంటాం.

ఇన్ని చెప్పాక నా తప్పు ఒకటి చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. మొదట్లో, నాలుగేళ్ళయింది, ఒక బండి ఫ్లోరు ప్యాచ్ పొద్దున్నే శుభ్రంగా గ్రైండ్ చేశా, తెల్లటి ఇనుము కనపడేదాకా, తర్వాత కరెంటు పోయింది, ఇంకో పని తగిలింది, సాయంత్రం ఐదింటికి దాని మీద గమ్ము పెట్టి బిగించా. కంటికి ఏమీ తేడా కనపడలా. ఎనిమిది నెలలకి బండి తిరిగొచ్చింది, ప్యాచ్ ఒక మూల నుంచి అరచెయ్యి అంత లేచి ఉంది. ఊడదీసి చూస్తే గమ్ము మొత్తం ప్యాచ్ వైపే ఉంది, పాత రేకు వైపు నున్నగా, దాని మీద సన్నటి ఎర్ర పొర. ఆ ఎనిమిది గంటల్లో మన గాలి తేమకి ఇనుము మీద కంటికి ఆనని తుప్పు పుట్టేసింది, నేను ఇనుముకి కాదు, ఆ తుప్పుకి అతికా. ఆ బండి ఆయనకి డబ్బులు వెనక్కిచ్చి మళ్ళీ చేసిచ్చా. ఆ రోజు నుంచి నాకొక నియమం, గ్రైండ్ చేసిన గంటలోపు గమ్ము పడాలి, పడకపోతే మళ్ళీ గ్రైండ్ చెయ్యాలి.

నాకు జరిగింది చిన్నది. దీనికి పెద్దది 1988 ఏప్రిల్ 28 న జరిగింది. హవాయి దీవుల్లో అలోహా కంపెనీ బోయింగ్ 737 విమానం, 24 వేల అడుగుల ఎత్తులో పోతంటే ముందు భాగంలో పైకప్పు పద్దెనిమిది అడుగుల మేర ఎగిరిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ గాల్లోకి కొట్టుకుపోయింది, మిగతావాళ్ళని పైలట్లు ఎట్టాగో కిందికి దించారు. ఆ విమానం రేకుల అతుకుల్లో రివిట్లతో పాటు ఎపాక్సీ పట్టించిన గుడ్డ పెట్టి చల్లగానే అతికే పద్ధతి వాడారు. ఆ అతుకు సరిగ్గా పట్టలా, సందులోకి తేమ పోయింది, తుప్పు పట్టింది, గమ్ము మోయాల్సిన బరువు రివిట్ల మీద పడింది, దాదాపు 90 వేల సార్లు ఎగిరి దిగిన విమానం, రివిట్ల బెజ్జాల దగ్గర చీలికలు పుట్టి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. దీవి నుంచి దీవికి ఉప్పు గాలిలోనే తిరిగిన విమానం అది. దీన్ని చదివి గమ్ము మంచిది కాదని చిన్నాయన అనొచ్చు. నాకు మాత్రం కనపడింది వేరే. గమ్ము తనంతట తను చెడిపోలా. అతికే రోజు దాని కింద ఏముందో అదే దాన్ని తర్వాత చంపుద్ది, ఉప్పు గాలి ఉన్న చోట ఇంకా తొందరగా చంపుద్ది. అందుకే అతుకు అంచుల్ని సీలర్ తో, అంటే తేమ లోపలికి పోకుండా ఆపే ముద్దతో, మూసెయ్యకుండా నేను బండి ఇవ్వను, ఎంత తొందరున్నా.

పని ఎట్ట చేస్తానో కూడా చెప్తా, ఎవరికైనా పనికొస్తది. రేకు మీద పెయింట్, పాత లప్పం, తుప్పు మొత్తం పోవాలి, 80 నంబరు ఎమిరీతో గీతలు పడాలి, నున్నగా ఉంటే అంటు పట్టదు. కంపెనీవాళ్ళ కాగితంలో జింకు ఉంచమంటే ఉంచాలి, ఒక్కో గమ్ముకి ఒక్కో మాట ఉంటది, ఆ కాగితం చదవాలి. తర్వాత శుభ్రమైన గుడ్డతో అసిటోన్ గానీ ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) గానీ పెట్టి తుడవాలి, ఒక్కసారి తుడిచిన గుడ్డ వైపు మళ్ళీ వాడకూడదు. మామూలు థిన్నర్ వద్దు, పెయింట్ అంగట్లో లూజుగా పోసేదాంట్లో ఏం కలిపుంటదో చెప్పలేం, నూనె పొర మిగిలిపోద్ది. తుడిచాక వేలు పెట్టకూడదు. మన చేతి చెమటలో ఉప్పు చాలు. ట్యూబుకి కొత్త నాజిల్ పెట్టాక మొదట వచ్చే జానెడు గమ్ము బయట పారెయ్యాలి, దాంట్లో రెండు పాళ్ళూ సమంగా కలిసి ఉండవు. రెండు రేకులకీ పల్చగా పూయాలి, తర్వాత ఒక రేకు మీద గమ్ముని లావు గీతలాగా ఇంకోసారి వెయ్యాలి. క్లాంపులు మరీ బిగించకూడదు, ఇక్కడే మన మేస్త్రీల చెయ్యి తప్పు చేస్తది, గట్టిగా బిగిస్తే గట్టిగా అంటుద్దనుకుంటారు, మొత్తం గమ్ము పిండి బయటికొచ్చేస్తది. మంచి గమ్ములో కాలు మిల్లీమీటరు గాజు పూసలు కలిపే ఉంటాయి, రేకుల మధ్య ఆ సందు మిగలడానికి.

ఇంక ఎండ. ట్యూబు మీద రాసిన టైములన్నీ 23 డిగ్రీల లెక్క. మనకి 23 డిగ్రీలు ఎప్పుడుంటది, సంక్రాంతి తెల్లారుజామునా? పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే టైము సుమారు సగమవుద్దని మోటు లెక్క. ట్యూబు మీద గంటన్నర అని ఉంటే మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో అది అరగంట కూడా కాదు. సగం గట్టిపడిన గమ్ము మీద రేకు పెట్టి నొక్కితే పైకి అంటినట్టే ఉంటది, లోపల పట్టదు. అందుకని ఎండాకాలం నేను ఈ పని పొద్దున ఆరింటికే మొదలుపెడతా. వానాకాలం మళ్ళీ వేరే తంటా, రేకు మీద చెమట పడుద్ది, హీట్ గన్ తో గోరువెచ్చగా చేసి ఆరబెట్టుకోవాలి.

ఎక్కడ వాడకూడదో చెప్పకపోతే ఈ రాసిందంతా ప్రమాదమే. అమెరికాలో టెక్సాస్ లో ఒక బాడీ షాపు 2010 మోడల్ హోండా ఫిట్ కి పైకప్పు మార్చింది, వడగళ్ళకి సొట్టలు పడితే. కంపెనీ మాన్యువల్ వెల్డింగ్ పెట్టమంది. వీళ్ళు గమ్ముతో అతికారు. ఆ కారు తర్వాత భార్యాభర్తలు ఇద్దరు కొనుక్కున్నారు, వాళ్ళకి పైకప్పు సంగతే తెలీదు. 2013 లో గుద్దుకుంది, కారు గూడు నలిగిపోయింది, మంటలొచ్చాయి, ఇద్దరికీ ఘోరమైన దెబ్బలు. 2017 లో డల్లాస్ లో జ్యూరీ ఆ షాపు వాటా కిందే 3 కోట్ల 15 లక్షల డాలర్లు తేల్చింది. ఆ పైకప్పు మామూలు రోజుల్లో ఊడలా, వాన నీళ్ళు కారలా, చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. గుద్దుకున్న క్షణంలో బండి బరువు మోయాల్సిన చోట అది మోయలా. డోరు పక్క స్తంభాలు, ముందు వెనక బండి కింద పొడుగ్గా ఉండే ఫ్రేము దూలాలు, పైకప్పు అంచులు, సీటు బెల్టు బిగించే చోట్లు, ఇవి మనిషి ప్రాణం కాపాడే ఎముకలు, వీటి జోలికి మాన్యువల్ చెప్పిన పద్ధతిలో తప్ప పోకూడదు. కొన్నిట్లో వెల్డింగ్, గమ్ము రెండూ కలిపి పెట్టమని ఉంటది, అప్పుడు రెండూ పెట్టాలి. వెల్డింగ్ చెప్పిన చోట గమ్ము పెట్టడం ఎంత తప్పో, గమ్ము చెప్పిన అల్యూమినియం చోట వెల్డింగ్ పెట్టడం అంతే తప్పు. చీమకుర్తి రాయి మోసే టిప్పర్ల మందపాటి ప్లేట్లు కూడా నా వాదనలోకి రావు, అవి వెల్డింగ్ సొత్తు.

చిన్నాయన అడిగే మిగతావాటిలో డబ్బు సంగతి గట్టిది. మంచి గమ్ము ట్యూబు ఖరీదు గ్యాస్ వెల్డింగ్ ఖర్చుకి ఎన్నో రెట్లు, గన్ను వేరే, నాజిళ్ళు ఒక్కోటి ఒక్కసారికే. కస్టమర్ ఆ బిల్లు చూసి పక్క షెడ్డుకి పోతాడు. దానికి నా జవాబు, లప్పం పని, సరిచేసే పని, లోపల సీట్లూ వైరింగూ విప్పి మళ్ళీ బిగించే పని తగ్గుద్ది, అతికేటప్పుడు వెల్డింగ్ మంట ఉండదు కాబట్టి ఆ భయం తగ్గుద్ది. మా వీధిలోనే ఒక షెడ్డులో డోరుకి వెల్డింగ్ పెడతంటే లోపల సీటు ఫోము అంటుకోని బండి సగం కాలిపోయింది, నీళ్ళు మోసినోళ్ళలో నేనూ ఒకణ్ణి. అయినా మొత్తం కూడితే కొన్నిసార్లు నా బిల్లే ఎక్కువ అవుద్ది, అది ఒప్పుకోని చెప్తా కస్టమర్ కి.

ఇంకోటి, తర్వాత ఆ బండి మీద పని చేసే మేస్త్రికి అక్కడ గమ్ము ఉందని తెలీదు, పక్కనే వెల్డింగ్ పెడితే గమ్ము మాడిపోయి అతుకు పోద్ది. ఇది నిజంగా నన్ను ఆలోచనలో పడేసింది. ఇప్పుడు నేను ప్యాచ్ లోపలివైపు పెయింట్ పెన్నుతో 'బాండింగ్, మంట పెట్టొద్దు' అని తెలుగులో రాసి తేదీ వేస్తన్నా, ఫోటో కస్టమర్ ఫోన్ కి పంపిస్తన్నా. గమ్ము కరెంటుని పోనీదు కాబట్టి ఎర్త్ వైరు బిగించే చోటు ప్యాచ్ మీద పడితే విడిగా ఎర్త్ తీసుకోవాలి, అది కూడా రాస్తన్నా.

మైపాడు దగ్గర మా స్నేహితుడి రొయ్యల గుంట మోటారు షెడ్డు ఉంది, గుంట నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు కొట్టే ఉప్పు తుంపర ఎప్పుడూ దాని మీద పడతానే ఉంటది. పోయిన ఏడాది ఉగాదికి జింకు రేకు ముక్కలు కోసి మూడు జతలు చేశాం. ప్రతి జతలో ఒకటి చిన్నాయన తన చేత్తో వెల్డింగ్ పెట్టి ప్రైమర్ కొట్టింది, వెనకవైపు మాత్రం డోరు లోపల ఎట్ట వదిలేస్తామో అట్ట వదిలేసింది. ఇంకోటి నేను అతికి అంచులు మూసింది. ఇనప తీగతో షెడ్డు దూలానికి వేలాడదీశాం. మొదటి జత వానలయ్యాక దించాం, ఆయన వెల్డింగ్ ముక్క వెనకవైపు ఎర్రబడింది, నాది శుభ్రంగా ఉంది. ఆయన "ఒక్క ముక్కతో ఏం తేల్తది" అన్నాడు, అదీ నిజమే. రెండో జత ఈ ఉగాదికి దించితే నా ముక్క అంచులో ఒకచోట సీలర్ చీలి కొంచెం తుప్పు లోపలికి పాకి ఉంది, ఆయనది గోరుతో గీకితే పెచ్చులు రాలింది. చిన్నాయన నా ముక్క తీసుకోని చాలాసేపు అంచు చూశాడు, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకోని మళ్ళీ చూశాడు. "ఇక్కడ సీలర్ రెండు పూతలు వెయ్యాల్సింది రా" అన్నాడు. మూడో జత ఇంకా దూలానికే ఉంది. కార్తీకమాసం వెళ్ళాక దించుదామన్నాడు.